మగ్గము, చిత్రము, శాస్త్రము: మన పిల్లల చదువును గూర్చి కొన్ని మాటలు

మా మేనల్లుడు షోలాపూరులో ఏడవ తరగతి చదువుచున్నాడు. ఇంట మాట తెలుగు, బడిలో చదువు మరాఠీ. బొమ్మలు చక్కగా గీయును. లెక్కలలో మాత్రము వెనుకబడినవాడు. అర్ధసంవత్సర పరీక్షలో నిష్పత్తుల లెక్కలన్నియు తప్పినవి. “డ్రాయింగు మాన్పించి ఆ వేళకు లెక్కల ట్యూషను పెట్టించండి” అని బడిలో మా అక్కకు సలహా చెప్పినారు. ఆమెయు అట్లే చేయదలచినది.

ఆ రోజులలోనే పిల్లవాడు మా యింటికి వచ్చి గ్రాఫు కాగితముపై ఒక పూర్ణచంద్రుని గీసినాడు. వెడల్పు 128 గళ్ళు, ఎత్తు 128 గళ్ళు. చూచుటకు గుండ్రముగా, ముచ్చటగా నున్నది. వాని సంతోషము కొరకు అట్టలు కొట్టించి, జకార్డు మగ్గముపై ఒక చిన్న నమూనా గుడ్డ నేయించినాను. గుడ్డపై చంద్రుడు కోడిగ్రుడ్డు వలె నిలువుగా సాగినాడు. వాని ముఖము చిన్నబోయినది.

“గుండ్రంగనే గీసిన గద మామా! మగ్గమే ఆగం చేసింది.”

“మగ్గం ఏం ఆగం చెయ్యలేదురా. అద్దం పెట్టి చూడు. అంగుళానికి పడుగెన్ని, పేకెన్ని?”

పోగులు లెక్కించు అద్దము నిచ్చితిని. వాడు మూడుసార్లు లెక్కించి, అంగుళమునకు పడుగు 64 పోగులు, పేక 48 పోగులు అని చెప్పినాడు. 128 పడుగు పోగులకు వెడల్పు 2 అంగుళములు. 128 పేకలకు ఎత్తు మాత్రము 2 అంగుళముల కంటె ఎక్కువ, సుమారు 2⅔ అంగుళములు. వాడు కొంతసేపు కాగితమును, గుడ్డను మార్చి మార్చి చూచి, “అయితే ఎత్తు 96 గళ్ళే గీయాలె” అన్నాడు. 64కు 48 యెంతో, 128కి 96 అంతే. మరునాడు 96 అట్టలతో నేయించిన చంద్రుడు గుండ్రముగా వచ్చినాడు. ఆ రాత్రి వాడు తప్పిన లెక్కల పుస్తకము తానే తెరిచి, ఐదు లెక్కలు సరిగా చేసి నాకు చూపినాడు. మా అక్క డ్రాయింగు మాన్పించు మాట మరల ఎత్తలేదు.

ఈ చిన్న సంగతిని ఇక్కడ వ్రాయుటకు కారణము కలదు. బొమ్మ గీయుట వేరు, లెక్క వేరు, యంత్రము వేరు అని బడిలో గంట కొట్టి విడదీయుచున్నారు. పరీక్షలు దగ్గరపడినచో మొదట తీసివేయునది బొమ్మల గంటనే. మన మగ్గముపై ఈ మూడును ఏనాడును విడిపోలేదు. కళలను శాస్త్ర, సాంకేతిక విద్యలతో కలిపి నేర్పవలెనని నేడు విద్యావేత్తలు పలుదేశములలో చెప్పుచున్నారు. వారు వెదకుచున్న పాఠములలో కొన్ని మన యిండ్లలో తరతరములుగా నున్నవి. వానిని పాఠములుగా మనము గుర్తించినామా అనునదే ప్రశ్న.

పుంజములో దాగిన గణితము

మొదట మన పాత కొలతనే చూడుడు. పుంజము అనగా 120 పడుగు పోగులు. కోరమాండల్ తీరమున బట్టల వ్యాపారము జరుగు కాలమున గుడ్డ నాణ్యమును పుంజములతోనే చెప్పెడివారు. ఒకే వెడల్పున పుంజములు పెరిగిన కొలది గుడ్డ మేలైనదని విదేశీ వర్తకులు సైతము ఎరుగుదురు.

ఈ 120 అను సంఖ్యను పిల్లల ముందు పెట్టి, “దీనిని శేషము లేకుండ ఎన్ని విధముల పంచవచ్చును?” అని అడుగుడు. 2, 3, 4, 5, 6, 8, 10, 12, 15, 20, 24, 30, 40, 60. ఒకటిని, 120ని వదలినను పదునాలుగు విధములు. ఎన్ని పోగుల చార పెట్టినను, ఎన్ని పోగుల గడి పెట్టినను లెక్క సులువుగా కుదురును. కారణాంకముల పాఠమునకు ఇంతకంటె మంచి సంఖ్య దొరకదు.

అంగుళమునకు 64 పోగుల చొప్పున 45 అంగుళముల పన్నాకు 2,880 పోగులు కావలెను. అనగా సరిగా 24 పుంజములు. ఒక బుటాకు 96 పోగులు పట్టినచో అడ్డముగా 30 బుటాలు సరిపోవును. అదే బుటాను 112 పోగులకు పెంచినచో 25 బుటాలు పోగా 80 పోగులు మిగులును. చివరి పువ్వు అంచున తెగిపోవును. చిత్రకారుడు ఎంత అందముగా గీసినను భాగహారము తెలియనిచో గుడ్డ చెడును.

పొడవునను ఇట్లే. అంచున గోపురము 36 పేకలకు ఒకసారి, నడుమ బుటా 48 పేకలకు ఒకసారి వచ్చుచున్నవనుకొనుడు. రెండును ఒకే వరుసలో ఎప్పుడు కలియును? 144వ పేకకు. అంగుళమునకు 48 పేకలైనచో ప్రతి 3 అంగుళములకు ఒకసారి. బడిలో దీనినే కనిష్ఠ సామాన్య గుణిజము అందురు. ఆ పేరు వినగానే భయపడు పిల్లవాడు, గోపురమును పువ్వును కలుపుమనినచో వ్రేళ్ళపై లెక్కించి చెప్పగలడు.

నూలు లెక్క ఇంకొకటి. నంబరు 40 నూలు పౌనుకు 840 గజముల చిలపలు 40, అనగా 33,600 గజములు. 2,880 పోగులతో 100 గజముల పడుగు చేయవలెనన్న 2,88,000 గజముల నూలు కావలెను. తరుగు కాక సుమారు 8½ పౌనులు, నేటి తూకమున 3.9 కిలోలు. ఈ లెక్క చేయగల పిల్ల ఇంటనున్నచో నూలు తూకములో ఆ యింటివారిని మోసగించుట కష్టము. లెక్కలు మన కూలికి సంబంధించిన సంగతి కూడ.

గ్రాఫు కాగితము నుండి కంప్యూటరు వరకు

షోలాపూరు చద్దరు నేయువారికి జకార్డును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఆ అట్టల చరిత్ర మన పిల్లలకు తెలిసిన దాఖలాలు తక్కువ.

ఫ్రాన్సు దేశమున లియోన్ నగరము పట్టునేతకు ప్రసిద్ధి. అచ్చట పూల గుడ్డ నేయుటకు మగ్గము ప్రక్కన మరియొకరు నిలిచి, ఏ పేకకు ఏ పోగులు లేవవలెనో ఆ దారములను లాగెడివారు. మన దేశమున కాశీలోని నక్షాబందులు బొమ్మను దారములతోనే కట్టి, మగ్గమునకు తగిలించెడివారు. ఈ లాగుడు పనిని యంత్రమునకు అప్పగింపవలెనని లియోన్‌లో బూషోన్ అనువాడు 1725లో రంధ్రములు పొడిచిన కాగితమును వాడి చూచెను. తరువాత మరికొందరు దానిని మెరుగుపరచిరి. వీరందరి పనిని కలిపి, నేతగాని కొడుకైన జోసెఫ్ మారీ జకార్డు 1804 ప్రాంతమున నేడు మనమెరిగిన యంత్రమును రూపొందించెను.

దాని కిటుకు మన కెరుకే. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి పోవును, కొక్కెము నిలిచి పోగును పైకెత్తును. రంధ్రము లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, కొక్కెము తప్పుకొనును, పోగు క్రిందనే యుండును. ఉన్నది, లేదు అను రెండు మాటలతోనే నెమలియు, కమలమును, కావలసినచో మనిషి ముఖమును గుడ్డపై వచ్చును. 1839లో జకార్డు ముఖచిత్రమునే పట్టుగుడ్డపై నేసినారు. దానికి సుమారు 24,000 అట్టలు పట్టినవి.

ఆ పట్టుచిత్రములలో ఒకటి లండనులో చార్లెస్ బాబేజి అను గణితవేత్త ఇంటికి చేరినది. ఆయన తన యింటికి వచ్చిన పెద్దలకు దానిని చూపి సంతసించెడివాడు. లెక్కలు చేయు యంత్రమును నిర్మింపదలచి, దానికి ఆజ్ఞలిచ్చుటకు జకార్డు అట్టలనే తీసికొనెను. ఆ యంత్రము ఆయన జీవితమున పూర్తికాలేదు. కాని దానిని గూర్చి 1843లో వివరణ వ్రాసిన అడా లవ్‌లేస్, మగ్గము పూలను నేసినట్లు ఈ యంత్రము బీజగణితమును నేయగలదని పోల్చి చెప్పినది. అంకెలకే గాక, నియమముల కొదిగిన ఏ వస్తువునకైనను యంత్రము పనికివచ్చునని ఆమె ఊహించినది. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హాలరిత్ అనునాయన రంధ్రపు అట్టలను వాడెను. తరువాత కంప్యూటర్లకు దశాబ్దముల పాటు రంధ్రపు అట్టలతోనే ఆజ్ఞలిచ్చిరి.

నేడు మన యిండ్లలో పిల్లలు కంప్యూటరు చదువుకొరకు దూర నగరములకు పోవుచున్నారు. అది మంచిదే. ఒకటి, సున్న అను రెండు గుర్తులతో యంత్రము పనిచేయునని అచ్చట మొదటి పాఠము చెప్పుదురు. మన పిల్లవాడు తన తండ్రి మగ్గము మీద వ్రేలాడు అట్టల దండను ఆ క్షణమున గుర్తుకు తెచ్చుకొనవలెను. చాలమంది తెచ్చుకొనరు. వారికి ఆ సంబంధము ఎవరును చెప్పియుండలేదు.

రంగులో రసాయనశాస్త్రము

రంగుల పని తెలిసిన వారిండ్లలో మరియొక పాఠము కలదు. నీలిమందు నీటిలో కరుగదు. క్షారము కలిపి పులియబెట్టినపుడు దానిలోని మార్పు వలన పసుపుపచ్చని ద్రవమై కరుగును. నూలును ముంచి తీసినపుడు ఆకుపచ్చగా కనిపించి, గాలి తగిలిన కొలది నీలమగును. గాలిలోని ప్రాణవాయువు చేసిన పని యది. ఆక్సీకరణ మనెడి పాఠమును కంటితో చూడవలెనన్న ఇంతకంటె మంచి ప్రయోగము లేదు. చూచిన పిల్లలు జీవితకాలము మరువరు.

కలంకారీ పనిలో గుడ్డను కరక్కాయ రసములోను గేదెపాలలోను తడిపెదరు. కరక్కాయలోని కషాయగుణము ఇనుప ముక్కలు, బెల్లము పులియబెట్టిన నీటితో కలిసి నలుపు నిచ్చును. పాలలోని కొవ్వు గీత పాకకుండ ఆపును. పటిక పూసినచోట మాత్రమే చిరివేరు ఎరుపు నిలుచును, పూయనిచోట ఉతుకులో పోవును. ఇచ్చట బొమ్మ గీయు కలమే రసాయనమును గుడ్డకు చేర్చు సాధనము. చిత్రకారుడు, రసాయన పరిశీలకుడు అని ఇద్దరు మనుషులు లేరు.

దక్షిణదేశమున పనిచేసిన కూర్దూ అను ఫ్రెంచి పాద్రీ, తెలుగు నేర్చినవాడు, ఈ అద్దకపు పనివారి నడిగి తెలిసికొని 1742లో ఆ విధానమంతయు వివరముగ తన దేశమునకు లేఖ వ్రాసెను. కరక్కాయ, గేదెపాలు, చిరివేరు, అన్నియు అందులో కలవు. లేఖ అచ్చయినది. మన పనివారి నోట నున్న విద్య వారి భాషలో పుస్తకమైనది.

తరువాతి కథ మనకు పాఠము కావలెను. 1856లో ఇంగ్లండున పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు ప్రయోగశాలలో మొదటి కృత్రిమ రంగులలో ఒకదానిని కనుగొనెను. 1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిని అమ్మకమునకు తెచ్చినది. కొలది ఏండ్లలో మన దేశపు నీలి వ్యాపారము కూలిపోయినది. రంగు ఎట్లు వేయవలెనో మనకు తెలియును. ఎందుకు పట్టుచున్నదో వారు తెలిసికొనిరి. ఎందుకో తెలిసినవారి చేతికి అంగడి పోయినది. మన పిల్లలకు “ఎట్లు” అనునది ఇంట నేర్పుచున్నాము. “ఎందుకు” అనునది బడిలో వేరే పేరుతో, వేరే గదిలో చెప్పుచున్నారు. ఈ రెండును కలియనంత కాలము ఆ నష్టము మరల మరల జరుగును.

తల్లి చేయి నొప్పి, కొడుకు యంత్రము

రెండును కలిసినపుడు ఏమగునో చెప్పుటకు దూరము పోనక్కరలేదు. తెలంగాణలో ఆలేరు సమీపమున శారాజీపేట కలదు. అచ్చట చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు చిటికి చీరలకు ఆసు పోసెడివారు. అర్ధచంద్రాకారముగ నాటిన మేకులపై నూలును చుట్టుచు, ఒక్క చీరకు వేల మార్లు చేయి ముందుకు వెనుకకు కదల్చవలెను. భుజము పడిపోవు పని యది. మల్లేశం గారు చిన్ననాడే బడి మానినవారు. తల్లి బాధ చూడలేక ఏండ్ల తరబడి శ్రమించి, 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసి తల్లి పేరే పెట్టినారు. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. 2019లో వారి కథ చలనచిత్రమై వచ్చినది.

ఇందు గమనింపవలసిన దేమనగా, చీరపై రాబోవు బొమ్మను ముందే నూలుమీద ఊహింపగల కన్ను వారికి ఇంట అబ్బినది. ఏ మేకు తరువాత ఏ మేకు, ఎన్ని చుట్లు, ఎంత బిగువు అనునది చేతికి తెలిసినందువలననే యంత్రము ఏమి చేయవలెనో వారు చెప్పగలిగిరి. కాని దానిని ఎట్లు చేయించవలెనో తెలిసికొనుటకు ఏండ్లు పట్టినది. బడిలో ఎవరైన ఆయనకు ఇంటి పనిని చూపుచు చక్రము, కప్పీ, మోటారు నేర్పియుండినచో ఆ కాలము ఎంత తగ్గియుండెడిదో ఊహించుకొనుడు. అట్టి పిల్లలు మన వీధులలో ఇంకెందరున్నారో!

ఇదివరకు జరిగిన ప్రయత్నములు

ఈ ఆలోచన మన దేశమునకు కొత్త కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ సమావేశము జరిపి, చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని ప్రతిపాదించినారు. డాక్టరు జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము పాఠ్యప్రణాళిక తయారుచేసినది. తకిలిపై వడికిన నూలు పొడవుతో లెక్క, ప్రత్తి పండు నేలతో భూగోళము, నేతతో యంత్రసూత్రము నేర్పవలెనని వారి ఉద్దేశము. బేసిక్ పాఠశాలలు పలుచోట్ల వెలసినవి. మన పెద్దలలో కొందరు అందులో చదివినవారే.

అది ఎందుకు నిలువలేదు? లెక్కల పంతులుకు తకిలి రాదు, తకిలి నేర్పువానికి లెక్కలు రావు. చేతిపని ఒక గంటగా మిగిలిపోయినది, దానిలోనుండి పాఠము పుట్టలేదు. పిల్లలు చేసిన వస్తువుల అమ్మకముతో బడి ఖర్చు రావలెనను ఆశ మరియొక బరువైనది. ఇంగ్లీషు చదువు గలవారికి ఉద్యోగములు, తకిలి చదువు పేదవారికి అను భావము తల్లిదండ్రులలో నాటుకొన్నది. పాఠము లేని చేతిపని కూలిపనియే యగునని ఆ అనుభవము తెలుపుచున్నది.

ఈ కలయికను పెద్ద చదువుగా నిలిపిన బడి ఒకటి జర్మనీలో నుండెను. 1919లో వైమర్‌లో స్థాపింపబడిన బౌహౌస్‌లో చిత్రకారులును, పనివారును కలిసి బోధించిరి. అందు నేతశాల యుండెను. అచ్చట చదివిన ఆనీ ఆల్బర్స్ 1930 ప్రాంతమున బెర్నౌలోని కార్మికసంఘ పాఠశాల సభామందిరమునకు ఒక గోడగుడ్డ నేసినది. దాని ముఖమున సెల్లోఫేన్ పోగులు వెలుతురును తిరిగి పంపును, వెనుక నున్న నూగు నూలు ధ్వనిని పీల్చును. ప్రసంగము మారుమ్రోగకుండ నుండుటకు నేసిన గుడ్డ యది. భౌతికశాస్త్రమును నేతలో వాడి చూపిన ఆ బడిని నాజీల ఒత్తిడి వలన 1933లో మూసివేసిరి.

మన దేశమున 1956 నుండి నేతగాండ్ర సేవాకేంద్రములును, 1960లో సేలమున చేనేత సాంకేతిక విద్యాలయమును, 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పన సంస్థయు ఏర్పడినవి. మనవారికి దగ్గరలో గదగున, బర్‌గఢున, ప్రగడ కోటయ్య గారి పేరిట వెంకటగిరిలోను చేనేత విద్యాలయములు కలవు. వీనిలో డిప్లొమాకు చేరుటకు పదవ తరగతిలో గణితము, విజ్ఞానశాస్త్రము చదివియుండవలెను. అనగా ఏడవ తరగతిలో లెక్కలకు భయపడిన మన పిల్లవానికి, మగ్గపు చదువు సైతము తలుపు తీయదు.

2020 జాతీయ విద్యావిధానములో 6 నుండి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకముల సంచి లేకుండ, స్థానిక వృత్తిదారుల వద్ద పిల్లలు పని నేర్చుకొనవలెనని పేర్కొన్నారు. తమిళనాడు ప్రభుత్వము ఆ విధానమును వ్యతిరేకించినది. ఏ రాష్ట్రమైనను, బడివారు వచ్చి అడిగినపుడు చూపుటకు మనవద్ద పాఠము సిద్ధముగా నుండవలెను. లేనిచో పిల్లలు వచ్చి, మగ్గమును చూచి, ఫోటో తీసికొని పోవుదురు.

ఒక ఆక్షేపణ

“మగ్గముపై కూలి గిట్టక మేము పడిన బాధ చాలును. పిల్లలను మరల మగ్గమునకు కట్టవలెనా?” అని పలువురు అడుగుదురు. అడుగుట న్యాయమే. నేను చెప్పునది పిల్లలను మగ్గముపై కూర్చుండబెట్టుమని కాదు. పదునాలుగేండ్ల లోపువారిని పనిలో పెట్టుట చట్టము నిషేధించినది, మన మనస్సు కూడ నిషేధింపవలెను. పిల్లవాడు ఇంజనీరు కానిమ్ము, డాక్టరు కానిమ్ము, నేతవాడే కానిమ్ము. ఇంట చూచిన దానిని చదువుగా గుర్తించినచో ఆ చదువు తేలికగును. గుర్తింపనిచో రెండు నష్టములు. లెక్క రాదు, ఇంటి పనియనిన సిగ్గు పుట్టును. “మా నాన్న ఏమీ చదువుకోలేదు” అని మన పిల్లలు చెప్పుదురు. 2,880 పోగులను తప్పకుండ అచ్చులో పోయు మనిషిని గూర్చి చెప్పు మాటయా యిది?

సంఘములు చేయదగిన పనులు

పెద్ద ఖర్చు లేకుండ ప్రతి ఊరి సంఘమును ఈ క్రింది పనులు మొదలుపెట్టవచ్చును.

1. ఆదివారము రెండు గంటలు, పది నుండి పదునాలుగేండ్ల పిల్లలకు తరగతి నడుపవలెను. అమ్మకపు సరుకు ఏదియు వారిచేత చేయింపరాదు.

2. ఇద్దరు గురువులు ఒకే గదిలో కలిసి చెప్పవలెను. ఒకరు గ్రాఫు గీయుట, అట్టలు కొట్టుట తెలిసిన పెద్ద పనివారు. మరియొకరు బడిలో లెక్కలు లేక సైన్సు చెప్పు మాస్టరు. వార్ధా పద్ధతి తప్పినచోటు ఇదే గనుక ఈ నియమము విడువరాదు.

3. ఐదు పాఠములతో ఆరంభింపవచ్చును: పుంజముతో కారణాంకములు, గ్రాఫుతో నిష్పత్తి, అట్టతో కంప్యూటరు సూత్రము, నీలితో ఆక్సీకరణము, తొక్కుడు పలకతో తులాదండము. ప్రతి పాఠము చివర పిల్లలు ఒక బొమ్మ గీయవలెను, ఒక లెక్క వ్రాయవలెను.

4. మన మాటకు బడి మాటను జోడించి చూపవలెను. మన పడుగు, పేకలను మరాఠీలో తాణా, బాణా అందురు. తమిళమున పావు, ఊడై. కన్నడమున హాసు, హొక్కు. ఒడియాలో తాణి, భరణి. యానాములో పిల్లలకు ఇంటి మాటయే సరిపోవును. పొరుగు భాషలో చదువు పిల్లవానికి ఈ రెండు పేర్లును తెలిసినచో, ఇంటికి బడికి నడుమ గోడ సగము తగ్గును.

5. ఆడపిల్లలు తప్పక రావలెను. కండెలు చుట్టునది, ఆసు పోయునది, రంగు చూచునది చాల యిండ్లలో స్త్రీలే. ఆ తల్లులను కూడ గురువులుగా పిలువవలెను.

6. పాత గ్రాఫు కాగితములను, అట్టలను తూకమునకు అమ్మక, సంఘము గదిలో భద్రపరుపవలెను. వెనుక పడుగు, పేకల లెక్క, గీసినవారి పేరు, ఊరు వ్రాసి యుంచవలెను. గ్రాఫు గీయు పెద్దలు సంవత్సర సంవత్సరము తగ్గుచున్నారు. వారితో పాటు పోవునది కాగితము మాత్రము కాదు.

సోదర సోదరీమణులారా! బొమ్మలు గీయు పిల్లవానిని లెక్కల పేరిట ఆపుట, లెక్కలు వచ్చిన పిల్లకు బొమ్మలెందుకని కసరుట మన యిండ్లలోనే జరుగుచున్నది. ఈ ఆదివారము మీ పిల్లల చేతికి ఒక గ్రాఫు కాగితమును, పోగుల అద్దమును ఇచ్చి చూడుడు. గుండ్రని చంద్రుని గీయుమనుడు. గుడ్డపై అది కోడిగ్రుడ్డైనచో కోపపడకుడు. ఎందుకైనదో వారినే లెక్కింపనిండు.

తరగతులు మొదలుపెట్టిన సంఘముల వారు తమ అనుభవములను, తప్పిపోయినవి సైతము, ఈ పత్రికకు వ్రాసిన యెడల ఇతర ఊళ్ళ వారికి మార్గము తెలియును.